ఫ్రెంచి ముక్క

ఇంటర్మీడియట్‌లో నాకు ఫ్రెంచిలో నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి. ఒక్క ముక్క రాదు.

ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. విజయవాడలో మా కాలేజీలో సెకండ్ లాంగ్వేజీగా తెలుగు తీసుకున్నవాళ్ళని వెర్రిబాగులవాళ్ళ కింద జమకట్టేవారు. తెలుగులో మార్కులు రావు, సంస్కృతమో ఫ్రెంచో అయితే దున్నుకోవచ్చు. వారానికి ఒక గంట ఒక మేడమ్ వచ్చి పది ప్రశ్నలకి పది జవాబులు బోర్డు మీద రాసి వెళ్ళిపోయేది. 'నా కుటుంబం', 'మా కాలేజీ', 'మా తోట', 'స్నేహితురాలికి ఉత్తరం'. ఏ అక్షరం ఎలా పలకాలో ఆవిడ చెప్పలేదు, మేం అడగలేదు. ముగ్గు వేసినట్టు చూసింది చూసినట్టు పేపరు మీద దించేసి వచ్చాం. ఆ పోయిన రెండు మార్కులూ ఎందుకు పోయాయో కూడా నాకు తెలీదు.

పెళ్ళిచూపుల్లో మా నాన్న ఆ మార్కుల కాగితం చూపించాడు. అంతే, ఇరవై ఏళ్ళుగా మా ఆయన జానకిరామ్ దాన్ని పట్టుకుని వేలాడుతున్నాడు. "మా ఆవిడకి ఫ్రెంచి వచ్చు" అని కనిపించినవాడికల్లా చెప్పడమే. ఐర్లండు వచ్చాక ఇది మరీ ముదిరింది. డాక్‌ల్యాండ్స్‌లో ఆయన ఆఫీసులో ఒక ఫ్రెంచివాడు చేరితే, నేస్‌లో మా ఇంటికి భోజనానికి పిలిచి, "కిరణ్మయీ, మాట్లాడు" అన్నాడు. నేను ఆ అబ్బాయి పళ్ళెంలో ఇంకో గారె వేశాను.

మొదట్లో రాదని చెప్పేదాన్ని. "దానికి మొహమాటం" అని ఆయన కొట్టిపారేసేవాడు. తర్వాత చెప్పడం మానేశాను. ఆయన మీద ఎంత కోపమున్నా ఒక సంగతి దాచకూడదు. నలుగురిలో ఆయన అలా అంటుంటే నాకు లోపల కొంచెం బాగానే ఉండేది.

మొన్న అక్టోబరులో ఒక శనివారం హేమచంద్, చంద్రకళ దంపతుల్ని, టాలట్‌లో ఉండే డాక్టర్ జనార్దనరావుగారిని భోజనానికి పిలిచాం. భోజనాలయ్యాయి. బయట వాన. మా ఆయన ఫోను టీవీకి తగిలించి, ఆగస్టులో మేం ఫ్రాన్సు వెళ్ళొచ్చిన ఫొటోలు వెయ్యడం మొదలుపెట్టాడు. అత్తయ్యగారు శ్యామలాదేవి సోఫా చివర శాలువా కప్పుకుని కూర్చున్నారు. మామయ్యగారు పోయాక అమలాపురం నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్నారు, మూడేళ్ళయింది. మా అమ్మాయి లోహిత, పదిహేనేళ్ళది, మెట్ల మీద కూర్చుని ఫోను చూసుకుంటోంది.

"ఇదిగో, ఇదే కోర్వాల్లెస్," అన్నాడు మా ఆయన.

ఆ ఊరి పేరు అది కాదు. రాయడానికి చివర బోలెడన్ని అక్షరాలుంటాయి గానీ ఎవరూ పలకరు, కోర్వాల్ అంటారంతే. లోహిత బళ్ళో ఫ్రెంచి చదువుతోంది, నాలా కాదు, నిజంగా చదువుతోంది. వారం రోజులూ వాళ్ళ నాన్నని సరిదిద్దుతూనే ఉంది. ఆయన వింటేగా.

రోస్లేర్‌లో కారుతో సహా ఓడెక్కితే మర్నాటికి ఫ్రాన్సు రేవు షేర్బూర్, అక్కణ్ణుంచి రెండు గంటలు. నేను బియ్యం, కుక్కరు, ఇంగువ డబ్బా, అత్తయ్యగారి గిన్నెలు విడిగా సర్దుకుని వెళ్ళాను. ఆవిడ బయట పచ్చి మంచినీళ్ళు తాగడానికే ఆలోచించే మనిషి. పుట్టి డెబ్భై రెండేళ్ళలో కోడిగుడ్డు కలిసిన కేకు ముక్క నోట పెట్టి ఎరగరు.

టీవీలో ఊరు కదులుతోంది. రాతి ఇళ్ళు, నీలం రంగు తలుపులు, నడిబొడ్డున పెద్ద ఖాళీ స్థలం, ఒక పక్క చర్చి, రెండో పక్క గోడల్లేకుండా దూలాల మీద నిలబడ్డ పాతకాలపు సంత కొట్టం. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండింటిదాకా ఊరు ఊరంతా తలుపులు మూసుకుని అన్నం తింటుంది. పాలప్యాకెట్టు కావాలన్నా రెండు దాటాల్సిందే. నాకు ఆ పద్ధతి నచ్చింది. మా ఆయనకి ఒళ్ళు మండింది.

"మొత్తం రీజియన్ అంతా కవర్ చేసేశాం," అని చెబుతున్నాడు హేమచంద్‌తో.

కవర్ చెయ్యడమంటే ఏమిటో నేను చెబుతాను. చుట్టూ ఆపిల్ తోటలు, చెట్ల కింద మేస్తూ ఆవులు, రెండు పక్కలా మనిషెత్తు కంచెలు పెరిగిన సన్నటి దారులు. ఎక్కడైనా ఆగుదామంటే ఈయన ఆపడు. కప్పు కూలిపోయిన ఒక పాత మఠం దగ్గర ఆపాడు, లోపల గడ్డి, పైన ఆకాశం, ఎంత ప్రశాంతంగా ఉందో. ఆరు ఫొటోలు తీసుకుని, "పదండి, ఇంకా మూడు ఊళ్ళున్నాయి" అన్నాడు. ఆపిల్ రసం తీసే ఒక రైతు మమ్మల్ని లోపలికి రమ్మని చెయ్యి ఊపితే ఈయన కారులోంచే ఫొటో తీసి తిరిగి చెయ్యి ఊపాడు. ఊరు చూడ్డమంటే ఊరికి మనం కనపడ్డం కూడా. ఆ సంగతి ఆయనకి తెలీదు.

చూసిందల్లా అత్తయ్యగారే. ఊరి చివర కాలవ గట్టున పెంకుల కప్పు కింద పాత చాకిరేవు ఉంది. ఆవిడ చెప్పులు విడిచి, నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని గంటసేపు కూర్చున్నారు. "చూశావుటే, వొంగి ఉతికితే నడుం పోకుండా రాళ్ళు ఏటవాలుగా పెట్టారు. ఎవరో గానీ బుద్ధిమంతులు," అన్నారు. ఆ ఫొటో లేదు. మా ఆయన ఆ గంటా కారులో కూర్చుని ఆఫీసు మెయిళ్ళు చూసుకున్నాడు.

ఇక శనివారం సంత. ఆ రోజు ఆవిణ్ణి చూసి తీరాలి. నేస్‌లో మూడేళ్ళుగా కిటికీ పక్కన కుర్చీలో ఒదిగి కూర్చునే మనిషి, ఆ సంతలో కొంగు నడుముకి దోపి ముందు నడిచారు. గంపల్లో బతికున్న కోళ్ళు, మట్టి వదలని ముల్లంగి, బండి చక్రాలంత చీజు ముద్దలు, కత్తులు సానపట్టేవాడు, చెప్పులు, పూల మొక్కలు. "అచ్చం అంబాజీపేట సంతేనే అమ్మాయ్, కొబ్బరికాయలు లేవంతే," అన్నారు. ఒక బీన్స్ అమ్మే ముసలాయనతో తెలుగులో బేరమాడి, గుప్పెడు కొసరు వేయించుకున్నారు. ఆయన ఏదో అన్నాడు, ఆవిడ ఏదో అన్నారు, ఇద్దరూ నవ్వుకున్నారు. ఒక్క మాట తెలీకుండా ఎంత బాగా మాట్లాడుకున్నారో. నాలాంటి తొంభై ఎనిమిదుల వాళ్ళకి అది చేతకాదు.

పదకొండింటికి చినుకులు పడ్డాయి. చలిగాలి. పెరుగన్నం డబ్బా కారులో ఉండిపోయింది, కారు తాళం మా ఆయన దగ్గర ఉండిపోయింది, మా ఆయన చర్చి బురుజెక్కి ఫొటోలు తీస్తున్నాడు. ఫోను చేస్తే ఎత్తడు. లోహిత పాతపుస్తకాల బల్ల దగ్గర ఉంది. అత్తయ్యగారికి షుగరు, పొద్దున్న తిన్న రెండు ఇడ్లీలు ఎప్పుడో అరిగిపోయాయి, చేతులు వణుకుతున్నాయి. సంత కొట్టం కింద ఒకావిడ పెద్ద గుండిగలోంచి ఆవిర్లు కక్కుతున్న సూపు గరిటెతో పోస్తోంది.

"పప్పుచారు వాసనొస్తోందే," అన్నారు అత్తయ్యగారు. "మనం తినేదేనేవో అడుగు. నీకు ఫ్రెంచొచ్చుగా."

అక్కడ నేను చెప్పాల్సిన మాట ఒక్కటే. రాదండీ అని. ఇరవై ఏళ్ళు ఆలస్యమైనా అప్పుడు చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. గుండిగ దగ్గరికి వెళ్ళి, "బోన్‌జూర్ మదామ్, వెజెతారియాన్?" అన్నాను. ఆవిడ పెద్ద జవాబు చెప్పింది, గరిటె ఊపుతూ, నవ్వుతూ. ఆ వరదలో నాకు రెండు మాటలు చేతికందాయి. ఒకటి లెగ్యూమ్, అంటే కూరగాయలు. రెండోది జార్దాన్ అని వినపడింది. జార్దాన్ అంటే తోట. 'మా తోట' వ్యాసంలో మొదటి వాక్యంలోనే ఉంటుంది, నిద్రలో లేపినా రాస్తాను. ఇంకేం కావాలి? తలూపాను.

"తోటలో పండిన కూరగాయలేనటండి," అన్నాను వెనక్కి తిరిగి.

ఆవిడ అన్నది జార్దాన్ కాదు, లార్దోన్. అది మా పది జవాబుల్లో లేదు. పొగపట్టిన పంది మాంసాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి వేస్తారట, దాని పేరు.

అత్తయ్యగారు గిన్నె చేత్తో పట్టుకుని, కళ్ళు మూసుకుని మనసులో ఏదో అనుకుని, తాగారు. ముఖంలోకి రంగు వచ్చింది. "కట్టెలపొయ్యి మీద కాచినట్టుందే. పొగవాసన తెలుస్తోంది చూడు. మా అమ్మ కాచేది ఇలాగ," అన్నారు. ఇంకో గిన్నె అడిగారు. "మరి ఈ ముక్కలేవిటి?"

"పుట్టగొడుగులండి," అన్నాను. అయి ఉంటాయేమో అనలేదు. పుట్టగొడుగులే అన్నట్టు చెప్పాను. ఇప్పటికీ ఆ గొంతు నా చెవిలో ఉంది, దాన్ని తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అప్పుడే మా ఆయన వచ్చి, రెండు చేతులతో గిన్నె పట్టుకుని నవ్వుతున్న వాళ్ళమ్మని ఫొటో తీశాడు. లోహిత వచ్చి, గుండిగ మీద వేలాడుతున్న పలక చదివి, వాళ్ళ నాన్న మోచెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళి ఏదో చెప్పింది. ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కంగారు పడ్డాడనుకున్నాను. నవ్వాపుకుంటున్నాడని సాయంత్రం లోహిత అసలు సంగతి చెప్పాక తెలిసింది.

"చెప్పేద్దామండీ," అన్నాను ఆ సాయంత్రం, అద్దెకి తీసుకున్న ఇంటి వెనక నిలబడి.

"చెప్పి? తిన్నది బయటికొస్తుందా? తెలీక తింటే పాపం లేదని ఆవిడే చెప్తుంది. హాలిడే పాడుచెయ్యకు. ఆవిడ హ్యాపీ, నువ్వు హ్యాపీ. ఎవ్రీథింగ్ ఈజ్ గ్రాండ్."

ఒప్పుకున్నాను. ఆవిడ మనసు కష్టపెట్టకూడదని ఒప్పుకున్నాననుకున్నాను. అసలు సంగతి, నా తొంభై ఎనిమిది బయటపడకూడదని.

తిరిగొచ్చాక రెండు నెలలు ఏం జరిగిందో వినండి. ఫోనులో అమలాపురంలోని చెల్లెలికి చెప్పారు, "మా కోడలు ఫ్రెంచిలో కనుక్కుని మరీ తినిపించిందే." గుళ్ళో కనిపించిన ప్రతి ఆవిడకీ చెప్పారు. వారానికోసారి, "ఆ చారు కాయవే" అనేవారు. మసూరుపప్పుతో కాచేదాన్ని, పుట్టగొడుగులు వేసేదాన్ని. రెండు చెంచాలు నోట్లో పోసుకుని, "బావుంది గానీ, ఆ పొగవాసన రాలేదు," అనేవారు. "ఆ రకం పుట్టగొడుగులు ఇక్కడ దొరకవేవో." నేను వెనక్కి తిరిగి గిన్నెలు తోమేదాన్ని.

ఇదిగో, ఆ అక్టోబరు శనివారం టీవీలో ఆ ఫొటో వచ్చింది. గిన్నె పట్టుకుని నవ్వుతున్న ఫొటో.

మా ఆయన రిమోటు పక్కన పెట్టి, సోఫా ముందుకి జరిగి, ఇంగ్లీషులోకి దిగాడు. "గైస్, దిస్ ఈజ్ ద బెస్ట్ పార్ట్. మై మదర్, హోల్ లైఫ్ నాట్ ఈవెన్ ఎన్ ఎగ్. టూ ఫుల్ బౌల్స్ ఆఫ్ రాషర్స్! అండ్ షీ ఆస్క్‌డ్ ఫర్ మోర్!"

ఐర్లండులో పొద్దుటి ఫలహారంలోకి వేపుకునే పంది మాంసం ముక్కల్ని రాషర్స్ అంటారు. అత్తయ్యగారికి పోర్క్ తెలుసు, బీఫ్ తెలుసు, చికెన్ తెలుసు, బేకన్ కూడా తెలుసు. షాపులో అలాంటివాటి దగ్గరికి బండి పోనివ్వకుండా ఉండడానికి ఆ నాలుగు మాటలూ నేర్చుకున్నారు. ఈ ఐదోది తెలీదు. అది ఆయనకీ తెలుసు. ఏరి ఏరి ఆ మాటే వాడాడు.

హేమచంద్ పగలబడి నవ్వాడు. డాక్టరుగారు, "ఓ మై గాడ్" అంటూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చంద్రకళ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఒకసారి అత్తయ్యగారి వైపు చూసి, చూపు తిప్పుకుని, ఆవిడా నవ్వింది.

అందరూ నవ్వుతుంటే అత్తయ్యగారు కూడా నవ్వారు. శాలువా సర్దుకుని, అందరి ముఖాలూ చూస్తూ, వాళ్ళకంటే గట్టిగా నవ్వారు.

"నా చారు సంగతేనా? ఏవిటిరా చెప్పావు?" అన్నారు.

"అవునమ్మా. నీకు ఎంత నచ్చిందో చెప్తున్నా."

"నచ్చదూ మరి! కట్టెలపొయ్యి రుచి. మా కోడలు వాళ్ళ భాషలోనే అడిగి కనుక్కుందండీ. ఆ ముక్కలు చూడాలి మీరు, ఎంత కమ్మగా ఉన్నాయో!"

ఈసారి హేమచంద్ నవ్వలేక సోఫా మీద పడిపోయాడు. "ముక్క లేనిదే ముద్ద దిగదంటారు కదా అమ్మా," అన్నాడు.

"దట్స్ నాట్ ఫన్నీ, డాడ్," అంది లోహిత మెట్ల మీంచి. ఎవరూ పట్టించుకోలేదు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎప్పుడు లేచానో తెలీదు. టీవీ వైరు పట్టి లాగేశాను. ఫోను కింద పడింది.

"అత్తయ్యగారూ, అవి పుట్టగొడుగులు కావు," అన్నాను. "పంది మాంసం ముక్కలు. ఆవిడ చెప్పింది నాకు అర్థం కాలేదు. అర్థమైనట్టు మీకు చెప్పాను. నాకు ఫ్రెంచి రాదు. ఎప్పుడూ రాదు. ఇప్పుడు వీళ్ళు నవ్వుతోంది దానికే."

మా ఆయన, "కిరణ్, నీకేమైనా పిచ్చా?" అన్నాడు మెల్లిగా.

అత్తయ్యగారు ఆయన వైపు చూడలేదు. నన్నే చూశారు. "నీకెప్పుడు తెలిసింది?"

"ఆ సాయంత్రమే."

"వాడికి?"

"నాకంటే ముందే."

"పిల్లకి?"

లోహిత తలొంచుకుంది.

"తెలీక తిన్నదానికి దోషం లేదమ్మా," అన్నాడు మా ఆయన తొందర తొందరగా. "శాస్త్రంలోనే ఉంది. నువ్వే చెప్తావుగా."

"తిన్నదాని గురించి నేనేవన్నా అన్నానా?" అన్నారు ఆవిడ. గొంతు పెంచలేదు. "ఇందాక మీరందరూ నవ్వితే నేనూ నవ్వాను. నేనెందుకు నవ్వానురా? నువ్వు చదువుకున్నవాడివి. చెప్పు."

డాక్టరుగారు కళ్ళజోడు పెట్టుకుని, నేల చూస్తూ, "క్షమించండమ్మా," అన్నారు.

"మీరు అతిథులు. కూర్చోండి. పాయసం పోసుకోలేదు మీరు," అన్నారు అత్తయ్యగారు. లేచి, వంటింట్లోకి వెళ్ళి, గిన్నెల్లో పాయసం పోసి, ముగ్గురికీ తన చేత్తో తెచ్చి ఇచ్చారు. ఇంటికొచ్చినవాళ్ళు కడుపు నిండకుండా వెళ్ళకూడదు. వాళ్ళు దాన్ని ఎలా మింగారో వాళ్ళకే తెలియాలి. ఆవిడ పైకెళ్ళి తల మీంచి నీళ్ళు పోసుకుని వచ్చారు. వంటింటి గోడకున్న ప్రెస్, ఇక్కడ అలమరని అలాగే అంటారు, అందులో పై అర మా దేవుడి గది. దాని తలుపు తీసి, దాని ముందు నిలబడ్డారు. చాలాసేపు ఏమీ చదవలేదు, దీపం కూడా పెట్టలేదు.

వాళ్ళు వెళ్ళాక మా ఆయన నా మీద పడ్డాడు. "ఏం సాధించావు చెప్పి? ఆవిడ సంతోషంగా ఉంది. ఆ సంతోషం తీసేశావు."

"ఆవిడ సంతోషాన్ని మీరు నలుగురికీ వడ్డించారు," అన్నాను. "నేను విస్తరి లాగేశాను."

అన్నాను గానీ, ఆ మాట అన్నందుకు నాకేమీ గర్వంగా లేదు. నేను నోరు తెరిచింది రెండు నెలల తర్వాత, అది కూడా ఆయన నవ్వాడని. నవ్వకుండా ఉంటే ఆవిడకి వారం వారం పుట్టగొడుగుల చారు కాస్తూనే ఉండేదాన్ని. ఆయన మీద ఎంత కోపముందో నా మీద నాకు అంతకంటే ఎక్కువుంది. ఆయన వాళ్ళమ్మని నమ్మించలేదు. నమ్మించింది నేను.

మూడు వారాలైంది. అత్తయ్యగారు నాతో మాట్లాడుతున్నారు. వంట బాగుందంటున్నారు. మా ఆయన మూడుసార్లు కాళ్ళు పట్టుకున్నాడు. "లే, లే, ఇంక చాలు" అని లేపారు. పైకి అంతా మామూలే.

నిన్న సాయంత్రం టీ వేళకి కొత్త బిస్కెట్ల ప్యాకెట్టు తెచ్చి బల్ల మీద పెట్టాను. అత్తయ్యగారు దాన్ని తీసి, తిప్పి, వెనకాల చిన్న అక్షరాలు చూశారు. నేను పక్కనే నిలబడి టీ వడకడుతున్నాను, మా భుజాలు తగులుతున్నాయి. ఆవిడ మెట్ల దగ్గరికి వెళ్ళి పైకి చూసి, "లోహితా, ఒకసారి కిందకి రామ్మా. ఇందులో ఏం కలిపారో చదివి పెట్టు," అని కేకేశారు.

అది ఇంగ్లీషే. నాకు వచ్చు.